చలిలో బైక్ మీద వెళ్తున్నారా? ముందు గాలిని ఆపండి

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, లంబసింగి వెళ్తున్నాం, ఏ జాకెట్ కొనాలి?" అని. మొన్న ఒక తమ్ముడైతే ఐదు వేల జాకెట్ ఫోటో, ఎనిమిది వేల జాకెట్ ఫోటో రెండూ పెట్టి ఏది బెటర్ అని అడిగాడు. జాకెట్ సంగతి చెప్తాను, కానీ దానికంటే ముందు నాకు జరిగింది ఒకటి చెప్పాలి. అది వింటే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది.

కొన్నేళ్ళ కిందట, ఇలాగే డిసెంబర్‌లో, నేనూ మా పిన్ని కొడుకూ వైజాగ్ నుంచి లంబసింగి బయల్దేరాం. వాడి పేరు చెప్తే ఊరుకోడు, కాబట్టి తమ్ముడు అనే అంటాను. 125 సీసీ బండి. నా ఒంటి మీద కాటన్ బనీను, టీషర్టు, పైన హుడీ, కింద జీన్స్. తమ్ముడికి వాళ్ళమ్మ అల్లిన ఊలు స్వెట్టర్. గ్లవ్స్ లేవు. నర్సీపట్నంలో తెల్లవారుజామున మూడున్నరకి టీ తాగినప్పుడు "ఏముందిరా, ఇంతేనా చలి" అనుకున్నాం. నర్సీపట్నం కింద మైదానంలో ఉంటుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. మామూలుగా వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైనే తగ్గుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు కూడా ఉంది. బయట పడుకున్నవాడు పొద్దున్నకి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని దాని అర్థం. మేం ఆ పేరు విని నవ్వుకున్నాం కూడా.

ఘాట్ ఎక్కుతుంటే ముందు వేళ్ళు నొప్పెట్టాయి. సూదులతో గుచ్చినట్టు. కాసేపటికి నొప్పి పోయింది. నేను హమ్మయ్య, అలవాటైపోయింది అనుకున్నా. అలవాటవ్వడం కాదండీ, స్పర్శ పోయింది. అంతే. ఒక మలుపులో ఎదురుగా జీపు వచ్చింది, రోడ్డు మధ్యలోకి. బ్రేక్ పట్టాలి. నేను పట్టాననే అనుకున్నా. కానీ వేళ్ళు లివర్ మీద అలాగే ఉన్నాయి, ముడుచుకోలేదు. క్లచ్ కూడా అంతే. కాలి బ్రేక్ ఒక్కటే గట్టిగా తొక్కాను. మంచుకి రోడ్డు తడిగా ఉంది, వెనక చక్రం జారింది. బండి అడ్డంగా తిరిగి రోడ్డు అంచున కంకర మీద ఆగింది. పక్కన లోయ. జీపువాడు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

అదృష్టం అనుకుని వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు ఏం మాట్లాడట్లేదు. అంతకుముందు పళ్ళు టకటకా కొట్టుకుంటూ ఆపకుండా వాగుతున్నవాడు, నిదానంగా, నాలిక మొద్దుబారినట్టు "అన్నా, ఇక్కడే కాసేపు పడుకుందామా" అన్నాడు. జీపు కంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇద్దరం అక్కడే పిచ్చోళ్ళలా గెంతులు వేశాం. చేతులు చంకల్లో పెట్టుకున్నాం. వేళ్ళు కాస్త కదిలాక ఫస్ట్ గేర్‌లో మెల్లగా వెళ్తే ఒక టీ బడ్డీ కనిపించింది. ఆ అమ్మ మమ్మల్ని చూసి, "ఏటి నాయనా, ఈ పల్చటి బట్టల్తోటి వచ్చేసినారేటి? ముందు ఆ తడి బనీను ఇప్పియ్" అంది. తడేంటి, వాన లేదు కదా అని చెయ్యి పెట్టి చూసుకుంటే నిజంగానే తడి. కింద టీ దగ్గర పట్టిన చెమట, పైన పట్టిన మంచు.

మేం మంట దగ్గర కూర్చుని ఉంటే ఒక పెద్దాయన టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. ముందు కూరగాయల మూట. అదే రోడ్డు, అదే చలి. ఆయన వణకట్లేదు. పైన పాత రెయిన్ కోటు, అంతే. నేను అడిగితే గుండీలు తీసి చూపించాడు. లోపల చొక్కా, చొక్కా మీద మడతపెట్టిన న్యూస్ పేపర్, దాని మీద రెయిన్ కోటు. "చలి ఏటి చేస్తాది బాబూ, గాలే కదా చంపేది" అన్నాడు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట గురించే.

మన ఒంటి చుట్టూ పల్చటి వెచ్చటి గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మన ఒంటి వేడితోనే అది తయారవుతుంది. కదలకుండా కూర్చుంటే ఆ పొర మనల్ని కాపాడుతుంది. గాలి తగిలితే అది ఎగిరిపోతుంది, ఒళ్ళు మళ్ళీ కొత్త పొర తయారుచేసుకోవాలి, అదీ ఎగిరిపోతుంది. వేడి టీ సాసర్‌లో పోసి ఊదితే చల్లారుతుంది కదా, బైక్ మీద ఆ టీ మీరే. ఊరంతా ప్రశాంతంగా గాలి లేకపోయినా, మీరు 60లో వెళ్తుంటే మీకు 60 స్పీడు గాలి తగులుతున్నట్టే లెక్క.

దీనికి ఒక లెక్క ఉంది, విండ్ చిల్ అంటారు. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న ఫార్ములా. దాని ప్రకారం బయట 10 డిగ్రీలు ఉందనుకోండి, 20 స్పీడులో వెళ్తే బయటికి కనిపించే చర్మానికి అది 7 డిగ్రీల్లా ఉంటుంది. 40లో 6. 60లో 5. 80లో 4. బయట 5 డిగ్రీలే ఉంటే, 60 స్పీడులో అది మైనస్ 2 లాంటిది. అంటే మీ ఫోన్‌లో వెదర్ యాప్ చూపించే నంబర్ నిలబడి ఉన్నవాడికి, మీక్కాదు.

ఇంకో విషయం గమనించారా? పెద్ద దెబ్బ మొదటి 20లోనే తగిలేసింది. అందుకని "నేను స్లోగా వెళ్తాలే" అంటే చలి పెద్దగా తగ్గదు. స్లోగా వెళ్ళడం మంచిదే, దానికి వేరే కారణాలున్నాయి. కానీ ఒంటికి గాలి తగలకుండా చేస్తే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. ఎందుకంటే ఇదంతా గాలికి తెరిచి ఉన్న చర్మం లెక్క.

ఇప్పుడు తమ్ముడి స్వెట్టర్ సంగతి. ఊలు స్వెట్టర్ మంచిది కాదా అంటే, చాలా మంచిది. ఇంట్లో. దాని అల్లికలో చిన్న చిన్న గాలి గదులుంటాయి, వెచ్చదనం ఆ గదుల్లోనే ఉంటుంది. కానీ బైక్ మీద ఆ కన్నాల్లోంచే చలిగాలి దూరిపోతుంది. దాని మీద గాలి దూరని పొర ఒకటి వేస్తే అదే స్వెట్టర్ రెండింతలు పనిచేసినట్టు ఉంటుంది. మీ ఇంట్లో వానాకాలం రెయిన్ కోటు మూలన పడి ఉంటుంది కదా, అదే ఆ పొర. ఐదు వేల జాకెట్ అడిగిన తమ్ముడూ, వింటున్నావా? స్వెట్టర్ మీద రెయిన్ కోటు వేసుకుని ఒక రోజు తెల్లవారుజామున మీ ఊళ్ళోనే ఒక రౌండ్ కొట్టి చూడు, తర్వాత కొనాలో వద్దో ఆలోచించు. ఒక్కటి, రైడింగ్ జాకెట్‌లో మోచేతులకి, భుజాలకి ప్యాడ్స్ ఉంటాయి. పడినప్పుడు కాపాడేది అవి. రెయిన్ కోటు ఆ పని చెయ్యదు. అది వేరే లెక్క, డబ్బులుంటే దానికోసం కొనండి.

రెయిన్ కోటుతో ఒక ఇబ్బంది, లోపలి చెమట బయటికి పోదు. అందుకే అన్నిటికన్నా లోపల వేసుకునేది ఏంటనేది చాలా ముఖ్యం. కాటన్ బనీను చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది. నీళ్ళు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. అంటే తడి బనీను వేసుకోవడం కంటే ఏమీ వేసుకోకపోవడమే నయం, ఆ అమ్మ చెప్పింది అదే. దానికి బదులు మీరు క్రికెట్‌కి వేసుకునే పాలిస్టర్ జెర్సీ లోపల వేసుకోండి, త్వరగా ఆరిపోతుంది. థర్మల్స్ ఉంటే ఇంకా మంచిది. దాని మీద స్వెట్టరో ఫ్లీసో, పైన గాలి ఆపేది. బండి ఎక్కేముందు ఇవన్నీ వేసుకుని గంటసేపు టీ కొట్టు దగ్గర కబుర్లు చెప్పొద్దు, అక్కడే చెమట పడుతుంది. పైది బయల్దేరే ముందు వేసుకోండి.

న్యూస్ పేపర్ జోక్ కాదండీ. సైకిల్ రేసుల్లో, టూర్ డి ఫ్రాన్స్ లాంటి వాటిలో కూడా, కొండ ఎక్కాక దిగేముందు జెర్సీలో పేపర్ పెట్టుకోవడం పాత అలవాటు. నాలుగైదు షీట్లు ఛాతీ మీద, పొట్ట దాకా, గాలి దూరని పొర కింద. గాలిని ఆపుతుంది, మడతల మధ్య వేడిగాలిని పట్టుకుంటుంది. తడిస్తే తీసేసి వేరేది పెట్టాలి. పార్సిల్స్‌లో వచ్చే బబుల్ షీట్ కూడా పనిచేస్తుంది, కాకపోతే కదిలినప్పుడల్లా చప్పుడు. ఏదైనా హైవే ఢాబాలో పేపర్ అడిగితే ఇస్తారు. నిన్నటిదైనా పర్లేదు, చదవడానికి కాదు కదా.

జీన్స్ గురించి ఎవరూ ఆలోచించరు. బైక్ మీద గాలికి ఎదురుగా ఉండేవి మోకాళ్ళు. చల్లబడితే గంటకి అవి బిగుసుకుపోతాయి, కాలి బ్రేక్ కూడా సరిగ్గా తొక్కలేరు. జీన్స్ కింద ఒక ట్రాక్ ప్యాంట్, లేదా పైన రెయిన్ ప్యాంట్. సాక్సులు రెండు జతలు వేసి బూటు బిగుసుకుపోయిందంటే తేడా కొట్టినట్టే, రక్తం ఆడదు, కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక మందపాటి జత చాలు.

ఇప్పుడు చేతులు. దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను, నన్ను దాదాపు లోయలో పడేసింది ఇవే కాబట్టి.

ఒళ్ళు చల్లబడుతుంటే శరీరం ఒక నిర్ణయం తీసుకుంటుంది. గుండె, ఊపిరితిత్తులు, మెదడు, ముందు వీటిని కాపాడాలి అని. అందుకోసం చేతులకి, కాళ్ళకి వెళ్ళే రక్తాన్ని తగ్గించేస్తుంది. ఇంటికి డబ్బులు తక్కువైతే ముందు ఖర్చులు ఎక్కడ కోస్తామో అలా. కాబట్టి చేతులు చల్లబడ్డాయంటే గ్లవ్స్ ఒక్కటే సమాధానం కాదు. ఛాతీ వెచ్చగా ఉంటే శరీరం చేతులకి రక్తం పంపిస్తుంది. గ్లవ్స్ వేసుకుని ఛాతీ తెరిచి పెట్టుకున్నవాడికంటే, మామూలు గ్లవ్స్‌తో లోపల పేపర్ పెట్టుకున్నవాడి చేతులే నయంగా ఉంటాయి. మొదట్లో నేను కూడా నమ్మలేదు.

గ్లవ్స్ కొనేటప్పుడు వేసుకుని పిడికిలి బిగించి చూడండి. వేళ్ళ చివర కాస్త ఖాళీ ఉండాలి. బిగుతుగా ఉంటే రక్తం ఆగుతుంది. చాలా మందంగా ఉంటే లివర్ ఎంత నొక్కారో తెలీదు. ఊలు గ్లవ్స్ ఒక్కటే అయితే మళ్ళీ స్వెట్టర్ కథే, గాలి దూరుతుంది. గ్లవ్ అంచు జాకెట్ చెయ్యి మీదకి వచ్చేలా వేసుకోండి, మణికట్టు దగ్గర ఖాళీ ఉంటే గాలి మోచేతిదాకా వెళ్తుంది. గ్లవ్ మీద ప్లాస్టిక్ కవర్ కట్టుకుని వెళ్ళేవాళ్ళని చూశాను. గాలి ఆగుతుంది నిజమే, కానీ లివర్ మీద జారుతుంది. ఘాట్‌లో అది వద్దు.

ఇంకోటి, ఆగినప్పుడు చాలామంది చేతులు సైలెన్సర్ దగ్గర పెడతారు. చెయ్యకండి. మొద్దుబారిన చేతికి కాలుతున్నట్టు తెలీదు. సింథటిక్ గ్లవ్ అయితే కరిగి చర్మానికే అతుక్కుంటుంది. చలిమంట దగ్గరైనా అంతే, కాస్త దూరం ఉంచండి. అన్నిటికన్నా మంచిది మీ చంకలే. లేదా చేతులు చాపి గిరగిరా తిప్పండి, రక్తం వేళ్ళ చివరికి వస్తుంది. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

ఇప్పుడు నేను పాటించే రూల్ ఒకటి. ప్రతి అరగంటకీ, నలభై నిమిషాలకీ ఆగుతాను. ఆగి, బొటనవేలితో చిటికెన వేలి చివర ముట్టుకుంటాను. రెండు చేతులతోనూ. ఈజీగా తగిలిందా, బయల్దేరతాను. తగల్లేదా, లేదా నిదానంగా కష్టపడి తగిలిందా, ఇక ఆ చెయ్యి బ్రేక్ పట్టే స్థితిలో లేదు. తాళం జేబులో పెట్టేస్తాను. వెనక ఫ్రెండ్స్ ఎంత తొందరపెట్టినా, సూర్యోదయం పోతోంది అన్నా సరే.

మెడ. మఫ్లర్ కట్టుకోండి, కానీ చివరలు రెండూ జాకెట్ లోపల దోపుకోవాలి. ఇది చలి కోసం ఒక్కటే కాదు. వెనక కూర్చున్న చెల్లెలి చున్నీ, అమ్మ శాలువా, చక్రంలోనో చైన్‌లోనో చుట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. చలికాలంలో అందరూ ఏదో ఒకటి కప్పుకుంటారు, బయల్దేరే ముందు ఒకసారి దిగి వెనకవాళ్ళ అంచులు చూడండి.

మంకీ క్యాప్ అంటే మన అందరికీ ప్రేమ. కానీ మందపాటి మంకీ క్యాప్ మీద హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, స్ట్రాప్ బిగవదు. పల్చటి బలాక్లావా వాడండి, లేదా ఫుల్ ఫేస్ హెల్మెట్ ఒక్కటే చాలు. వైజర్ మీద ఆవిరి పడితే ఒక్క గీత పైకి లేపండి. ముక్కు మీదకి మఫ్లర్ కడితే ఊపిరి నేరుగా పైకి, వైజర్ మీదకి వెళ్తుంది, కళ్ళజోడు ఉన్నవాళ్ళకి రెండు పొరల ఆవిరి. మఫ్లర్ గడ్డం దాకా చాలు.

వెనక కూర్చున్నవాళ్ళ గురించి ఒక మాట. మీరు బండి నడుపుతూ కదులుతూ ఉంటారు. వాళ్ళు బొమ్మలా కూర్చుంటారు, త్వరగా చల్లబడేది వాళ్ళే. వాళ్ళతో మాట్లాడుతూ ఉండండి. వణుకుతున్నారా, ఫర్వాలేదు, ఒళ్ళు ఇంకా పోరాడుతోంది. మాట ముద్దగా వస్తోందా, చేతిలో ఫోన్ జారిపోతోందా, నడిస్తే తూలుతున్నారా, ఊరికే చిరాకు పడుతున్నారా, నిద్రొస్తోంది అంటున్నారా, అప్పుడు ఆగాల్సిందే. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోవడాన్ని హైపోథెర్మియా అంటారు. బయట మైనస్‌లో ఉండక్కర్లేదు, పది డిగ్రీలు, తడి బట్టలు, గాలి, ఈ మూడూ కలిస్తే చాలు. వణుకు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మత్తుగా అయిపోతే అది తగ్గడం కాదు, ముదరడం. 108కి ఫోన్ చెయ్యండి. ఈలోపు తడి బట్టలు తీసేసి పొడి దుప్పటి కప్పండి, ఛాతీ దగ్గర వెచ్చదనం ఇవ్వండి. స్పృహలో ఉండి మింగగలిగితే వేడిగా తియ్యటి టీ. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దొద్దు.

మందు? తెలుసు, అడుగుతారని. "ఒక్క పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుంది అన్నా" అని. వెచ్చగా అనిపిస్తుంది, ఎందుకంటే లోపలి వేడి రక్తం చర్మం పైకి వచ్చేస్తుంది. వచ్చింది వచ్చినట్టు గాలికి పోతుంది. లోపల ఇంకా చల్లబడతారు. తాగి బండి నడపడం నేరం అనేది పక్కన పెట్టినా, చలికి కూడా అది పనిచెయ్యదు. సిగరెట్ వేళ్ళల్లో రక్తనాళాలని ముడుస్తుంది, అదీ ఉల్టా పనే.

బండి విషయం త్వరగా చెప్పేస్తాను. చల్లటి టైరుకి గ్రిప్ తక్కువ, మొదటి కొన్ని కిలోమీటర్లు మలుపుల్లో వంచకండి. చలికి టైరులో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది, బయల్దేరే ముందు చూపించుకోండి. పొగమంచులో హై బీమ్ వేస్తే ముందు తెల్లటి గోడ కనిపిస్తుంది అంతే, లో బీమ్ వాడండి. వాగుల మీద వంతెనల దగ్గర, పల్లపు చోట్ల ఉన్నట్టుండి చలి పెరుగుతుంది, బరువైన చల్లగాలి అక్కడే పేరుకుంటుంది కాబట్టి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు అడవి రోడ్లలో తిరిగేవాళ్ళకి ఇది బాగా తెలుసు. హైదరాబాద్‌లో రాత్రిపూట డెలివరీలు చేసే తమ్ముళ్ళు కూడా చెరువు గట్ల మీద ఇది గమనించే ఉంటారు.

చివరికి ఆ రోజు ఏమైందంటే, ఆ బడ్డీ దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. మూడేసి టీలు, ఇద్దరికీ ఇడ్లీలు. ఆ అమ్మ మా బనీనులు మంటకి దూరంగా ఆరేసి, సామాన్లు కట్టుకోడానికి దాచుకున్న పాత పేపర్లు తీసిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. చెరువులవేనం చేరేసరికి ఎనిమిదిన్నర. మబ్బుల సముద్రం చూడాలని వెళ్ళాం కదా, అప్పటికి మబ్బులన్నీ పోయాయి. కింద పచ్చటి లోయ, పైన ఎండ. ఒక్క ఫోటో కూడా పెట్టుకునేట్టు రాలేదు. మధ్యాహ్నం ఎండలో మెల్లగా దిగాం. నర్సీపట్నం వచ్చాక తమ్ముడికి చెమటలు పడుతున్నాయి, "ఒరేయ్, ఇక తియ్యరా" అంటే వాడు చొక్కాలోంచి ఆ పేపర్ తియ్యనంటే తియ్యనన్నాడు. వైజాగ్ దాకా అలాగే వచ్చాడు.

సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో హెల్మెట్ సైజు ఎలా చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటాను, బై.